పూరిల్లూ, పర్ణశాలా

గుడిసె అనండి, జాలి పుడుతుంది. పర్ణశాల అనండి, చేతులు వాటంతటవే జోడైపోతాయి. రెండింటి పైనా ఉన్నది ఆకే. రెండింటి కిందా ఉన్నది అలికిన మట్టే. సీతమ్మవారు కాపురం చేసిందనేసరికి ఆకుల కప్పు పవిత్రమైపోయింది. మన ఇంట్లో అంట్లు తోమే వెంకాయమ్మ కాపురం చేస్తోందనేసరికి అదే కప్పు "పాపం!" అయిపోయింది. పేరులో ఏముందిలే అంటారు గాని, చూస్తుంటే పేరులోనే అంతా ఉన్నట్టుంది.

ఎంబ్రాయిడరీ నేర్చుకున్న ఆడపిల్ల ప్రతి ఒక్కతీ ఒక్కసారైనా కుట్టిన బొమ్మ ఒకటుంది, గుర్తుందా? తెల్లటి గోడలు, ఆ గోడల్లో నిలువుగా అడ్డంగా నల్లటి కొయ్యలు, పైన చెవుల దాకా దిగిన టోపీలాగా గడ్డి కప్పు, గుమ్మం పక్కన గులాబీలు, పొగగొట్టంలోంచి మెలికలు తిరిగిన పొగ. కింద "స్వీట్ హోమ్" అని అక్షరాలు. ఇంగ్లండు పల్లెటూరి ఇల్లది. గుంటూరులో పుట్టి, వేసవి సెలవులన్నీ తాటాకు కప్పు కింద గడిపిన పిల్లలం, దిండు గలీబుల మీద మాత్రం ఇంగ్లీషువాళ్ళ పూరిల్లు కుట్టుకున్నాం. మన ఊరి పూరిల్లు కుట్టమని ఏ టీచరమ్మా చెప్పలేదు. కుడదామని మనకూ తోచలేదు. కుట్టినా దిండు మీద ఎవరు వేసుకుంటారు?

ఆ ఇంగ్లండు ఇళ్ళలో బాగా పేరుపడ్డది షేక్‌స్పియర్ భార్య ఆన్ హాతవే పుట్టిల్లు. స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీ అనే పల్లెలో ఉంది. అందులో పాత భాగం 15వ శతాబ్దం నాటిది. 1892లో షేక్‌స్పియర్ జన్మస్థల ట్రస్టువారు దాన్ని కొన్నారు. 1969లో నిప్పంటుకుని దెబ్బతింటే మళ్ళీ యథాప్రకారం నిలబెట్టారు. అలాంటి ఇల్లు కట్టే తీరు చదువుతుంటే నాకు నవ్వాగలేదు. ముందు ఓక్ దుంగలతో చట్రం నిలబెడతారట. చట్రంలో ఖాళీలకు సన్నటి కర్రలు తడికలాగా అల్లుతారట. ఆ అల్లిక మీద మట్టీ, పేడా, గడ్డీ కలిపి పిసికి మెత్తుతారట. పైన సున్నం. ఇంతకీ ఇది మన తడిక గోడే కదండీ! ఆ దేశంలో ఓక్ దుంగ, మన దేశంలో తాటి మొద్దు. పేడలో మాత్రం తేడా ఏమీ లేదు.

ఇంకో సంగతి. అక్కడ చాలాచోట్ల కప్పు పాతబడితే అంతా పీకెయ్యరు. చివికిన పైపొర తీసేసి, దాని మీద కొత్త గడ్డి వేస్తారు. అందుచేత కొన్ని ఇళ్ళలో అడుగుపొర ఐదారు వందల ఏళ్ళ నాటిది అలాగే ఉండిపోయింది. పొగగొట్టాలు లేని రోజుల్లో నడింట్లో మండిన పొయ్యి మసి ఆ గడ్డికి ఇంకా అంటుకునే ఉంది. ఆ మసిలో ఆనాటి గోధుమ కంకులు కూడా దొరికాయి. ఏ ఇల్లాలు ఏ రాత్రి చేసిన వంటో, దాని పొగ ఇవాళ్టికీ ఆ కప్పులో ఉంది. నాకు రాజుల కోటలకన్నా ఇది గొప్పగా అనిపించింది.

అలాగని ఆ దేశంవాళ్ళు మొదట్నుంచీ పూరింటిని నెత్తిన పెట్టుకున్నారని అనుకోకండి. అక్కడా ఒకప్పుడు అది లేనివాడి కప్పే. 19వ శతాబ్దంలో రైళ్ళు వచ్చి, వేల్స్ కొండల్లోంచి పలకరాయి చౌకగా దిగేసరికి, చేతిలో నాలుగు డబ్బులాడినవాడల్లా గడ్డి పీకేసి పలకరాయి పరిపించుకున్నాడు. మార్చుకోలేనివాడికే గడ్డి మిగిలింది. తర్వాత కాలం తిరిగింది. ఇవాళ అక్కడ గడ్డి కప్పు ఇంట్లో ఉండాలంటే డబ్బుండాలి, బీమా ఎక్కువ కట్టుకోవాలి. చారిత్రక కట్టడాల జాబితాకెక్కిన ఇల్లయితే దాని రూపు మార్చడానికి సొంతదారుకైనా అనుమతి కావాలి. బీదరికం ఖాళీ చేసి వెళ్ళాక ఆ ఇంట్లోకి అందం కాపరానికి వచ్చింది. మన ఊళ్ళో బీదరికం ఇంకా ఖాళీ చెయ్యలేదు, అదీ తేడా.

నిప్పు సంగతి చూడండి. 1613లో లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాలాడే గ్లోబ్ థియేటరులో నాటకం మధ్య ఫిరంగి పేల్చారు. రవ్వ ఎగిరి గడ్డి కప్పు మీద పడింది. థియేటరు నేలమట్టమైపోయింది. మళ్ళీ కట్టినప్పుడు బుద్ధిగా పెంకు కప్పుకున్నారు. అదే థియేటరును మన కాలంలో మళ్ళీ పాత పద్ధతిలో కట్టి 1997లో తెరిచారు. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్ నగరంలో గడ్డి కప్పుకు అనుమతి దొరికిన మొదటి కట్టడం అదేనట. అయితే ఊరికే ఇవ్వలేదు. కప్పులో నీళ్ళు చిమ్మే గొట్టాలు అమర్చి, నిప్పంటకుండా ఏర్పాట్లన్నీ చేశాకే ఇచ్చారు.

మన పూరిళ్ళ మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు లేవు. బిందెలున్నాయి. వైశాఖంలో ఆ బిందెలు నింపుకోడానికి బావిలో నీళ్ళుండవు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వడగాలి తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పత్తిచేలు దున్నేశాక పత్తికట్టె మోపులు కట్టి ఇంటి పక్కనే వామిలాగా పేరుస్తారు. మిరపకట్టె కూడా అంతే. పొయ్యిలోకి అదే వంటచెరకు. ఎండిపోయిన పత్తికట్టె భగ్గున మండుతుంది, రవ్వలు చిమ్ముతుంది. ఒక రవ్వ గాలికి లేచి తాటాకు మీద వాలిందంటే ఆ ఇల్లే కాదు, వరసే పోతుంది. "ఏం కొంపలంటుకున్నాయని అంత తొందర?" అని పిల్లల్ని రోజూ కసురుతుంటాం. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా? వరసగా పూరిళ్ళున్న వీధిలో, నడి మధ్యాహ్నం, ఒక ఆడమనిషి గుండెలు బాదుకుంటూ పెట్టిన కేకలోంచి పుట్టింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట" అన్న సామెతా అక్కడిదే. మనం స్లాబు కిందికి వచ్చేసి ఎన్నాళ్ళో అయినా, మన భాష ఇంకా పూరింట్లోనే కాపురముంటోంది. పదవి వదలనివాణ్ణి "చూరు పట్టుకు వేలాడుతున్నాడు" అంటాం. మన అపార్ట్‌మెంటుకు చూరేదీ?

ఇంకో మాట కూడా చెప్పాలి. పూరిల్లు కప్పడాన్ని మనవాళ్ళు "నేయడం" అంటారు. బట్ట నేసినట్టే కప్పు నేస్తారు. పత్తి పండే నేల మీద పుట్టిన మాట కాబట్టి నాకు మరీ ముద్దొస్తుంది. ఒంటికి కప్పేదీ నేతే, ఇంటికి కప్పేదీ నేతే.

అమరావతికి నాలుగు మైళ్ళ దూరంలో కృష్ణ ఒడ్డున మా మేనత్త ఇల్లు ఉంది. ఈ గొడవంతా నాకు పట్టుకోవడానికి కారణం ఆ ఇల్లే. ఆ ఊళ్ళో మిగిలిన పెద్ద తాటాకు ఇల్లు అదొక్కటే. గుడిసె అంటే అత్తయ్య ఊరుకోదు. ఇరవై ఎకరాల రైతు కూడా తాటాకు ఇంట్లోనే దర్జాగా బతికిన రోజుల్లో కట్టిన ఇల్లది. మూరన్నర మందం మట్టి గోడలు, నడుమ ఆరు నిట్రాటలు, వాటి మీద వెన్నుదూలం, తాటి వాసాలు, వాసాల మీద వెదురుబద్దలు, ఆ పైన పొర మీద పొరగా తాటాకు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే, గుమ్మంలోకి అడుగు పెట్టేముందు ఎంతటివాడైనా తల వంచాల్సిందే. కలెక్టరు వచ్చినా వంచాడు అని అత్తయ్య గొప్పగా చెప్పుకుంటుంది. ఏ కలెక్టరో, ఎందుకు వచ్చాడో మాత్రం చెప్పదు.

ఆ కప్పు తెలివితక్కువ కప్పేమీ కాదు. మాది నల్లరేగడి. వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది, వానకు పిండిలాగా ఉబ్బుతుంది. ఆ నేల మీద బరువైన ఇల్లు కడితే గోడలు పగుళ్ళిస్తాయి. అందుకే ఇంజనీర్లు ఆ నేలలో పునాది లోతుగా దించాలంటారు. తాళ్ళతో, నారతో కట్టిన కప్పు నేల కదిలితే తనూ కాస్త కదిలి ఊరుకుంటుంది. కోస్తా వెంబడి చుట్టిళ్ళు చూశారు గదా. గుండ్రటి గోడ, పైన శంకువులాగా కప్పు, నేలకు జానెడెత్తు దాకా దిగిన చూరు. గాలివానకు పట్టు దొరక్కుండా వేసిన ఎత్తు అది. గాలిని తట్టుకుంటుంది గాని ఉప్పెనను తట్టుకోలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో తెలుగు దేశమంతా చూసింది. వేలకు వేలమంది పోయారు. తుఫాను షెల్టర్లని కాంక్రీటు కట్టడాలు తీరం పొడుగునా లేచింది ఆ తర్వాతే. ఆ రాత్రిని చూసినవాళ్ళ ముందు నిలబడి పూరింటి చల్లదనం మీద ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాదు.

ఆ మధ్య ఆర్కిటెక్చరు చదివే పిల్లలు నలుగురు టేపులు పట్టుకుని మా అత్తయ్య ఇంటికి వచ్చారు. గోడలు కొలిచారు, నిట్రాటలకు ఫొటోలు తీశారు. అత్తయ్య అందరికీ మజ్జిగ ఇచ్చింది. వెళ్ళబోయేముందు వాళ్ళలో ఒక అమ్మాయి చేతులు పట్టుకుని, "అమ్మమ్మా, దీన్ని పడగొట్టనివ్వకండి. ఇలాంటి ఇళ్ళు ఇంక లేవు" అంది.

"ఎందుకు లేవో తెలుసా తల్లీ?" అంది అత్తయ్య. "నేను కాపరానికొచ్చిన మూడో ఏడు ఎదురు వరసంతా కాలిపోయింది. మా ఇంటికీ అంటుకుంటుందని చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని పరిగెత్తాను. చెరువుగట్టు మీద కూలబడి చూసుకుంటే చేతిలో రోకలి ఉంది. నగల పెట్టె లోపలే వదిలేశాను. రోకలెందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఆనాటి నించీ వేసవి వచ్చిందంటే పొద్దు పొడవకముందే వంట ముగించి పొయ్యిలో నీళ్ళు పోసెయ్యడమే. పిల్లలకు పగలు వేడన్నం పెట్టి ఎరగను."

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని వింది. అత్తయ్య మాత్రం నవ్వి, "అయినా నువ్వొచ్చి ఉంటానంటే ఉంచుతాను" అంది.

ఇదంతా చూసి అత్తయ్య ఇల్లు తీసెయ్యమంటోందని మీరనుకుంటే మీకు మా అత్తయ్య తెలీదన్నమాట. స్లాబు వేద్దామని బావ ఎత్తుకోగానే, "పగలు మీ స్లాబు కింద పెనం మీద అట్టులాగా మాడి, రాత్రి ఏసీ వేసుకుని దగ్గుతారు. నాకేం ఖర్మ?" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. రెండు నిజాల మధ్య కూచోవడమంత ఇబ్బంది ఇంకోటి లేదు.

నాకు మాత్రం అంతకన్నా మొదటి ప్రశ్న ఒకటి తగులుకుంది. ఏ ఇంటిని కాపాడమంటున్నాం? తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. అత్తయ్య కాపరానికి వచ్చి యాభై ఎనిమిదేళ్ళు. ఈలోగా ఇరవై కప్పులైనా మారి ఉంటాయి. వాసాలు అవసరాన్ని బట్టి మారుతూనే వచ్చాయి. ఆరు నిట్రాటల్లో రెండింటిని చెదలు తింటే కొత్తవి వేశారు. గోడలకు ఏటా కొత్త మట్టి, వారం వారం కొత్త అలుకు. ఆవిడ అడుగుపెట్టిన ఇల్లు ఇందులో ఎక్కడుంది? గ్రీకులకు ఒక ఓడ కథ ఉంది, చెక్క చెక్కా మారిపోయాక అది పాత ఓడేనా అని. బి.ఏ. క్లాసులో ఆ కథ చెప్పి మమ్మల్ని అరగంట తికమకపెట్టారు. అంత దూరం పోనక్కర్లేదు. మనకు మిళింద రాజూ నాగసేనుడూ ఉన్నారు. నువ్వు ఎక్కి వచ్చిన రథం ఏది, చక్రమా, ఇరుసా, కాడా అని నాగసేన భిక్షువు రాజును అడిగాడు. ఏదీ కాదు. అన్నీ కలిపితే దానికి రథమని పేరు, అంతే. సరే, ఇల్లు కూడా ఆకులో లేదు, కొయ్యలో లేదు, కలపడంలో ఉంది. అయితే కలిపేదెవరు? నాగసేనుడు వడ్రంగి పేరు ఎత్తలేదు. భిక్షువు గనక చెల్లింది. ఇల్లు నడిపే ఆడదానికి ఆ ప్రశ్న తప్పదు.

జపాన్‌లో ఇసే అనే చోట వాళ్ళ గొప్ప దేవాలయం ఉంది. కొయ్యతో కట్టింది, గడ్డి కప్పు. దాన్ని ఇరవై ఏళ్ళకోసారి పక్క స్థలంలో అచ్చం అలాగే కొత్తగా కట్టి, పాతది విప్పేస్తారు. మధ్యలో యుద్ధాల కాలంలో ఆగినా, పదమూడు శతాబ్దాల పైగా నడుస్తున్న ఆచారం. 2013లో 62వసారి కట్టారు. మళ్ళీ 2033లో. ఆ గుడి పాతదా కొత్తదా అంటే ఏం చెబుతాం? ఇరవై ఏళ్ళ గడువులో ఒక తెలివుంది. కుర్రాడిగా కొయ్య మోసినవాడు, నడివయసులో తనే ఉలి పట్టి, ముసలితనంలో పక్కన కూచుని "అలా కాదురా" అని చెప్పవచ్చు. వాళ్ళు కొయ్యతోపాటు ఆ "అలా కాదురా"ను కూడా దాచుకుంటున్నారు.

మనవాళ్ళు వేరే దారి పట్టారు. పూరింటిని తీసుకెళ్ళి రాతిలో దాచారు. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండలో క్రీస్తుకు పూర్వం 2వ, 1వ శతాబ్దాల నాటిదని చెప్పే గుండ్రటి బౌద్ధ చైత్యం ఉంది. లోపల నిలబడి తలెత్తి చూడండి. చుట్టింటి కప్పు! వాసాలన్నీ చుట్టూ నుంచి నడిమికి వచ్చి కలుస్తాయి. అన్నీ కొండలోనే తొలిచినవి. ఆ వాసాలు ఏ బరువూ మొయ్యవు, కొండ తనను తానే మోసుకుంటుంది. వాటితో పనేమీ లేదు. అయినా చెక్కారు, ఇల్లన్నాక వాసాలుండాలి గనక. బీహారులో బరాబర్ కొండల్లో అశోకుడి కాలపు గుహలు ఇంకా పాతవి. అక్కడ లోమశ ఋషి గుహ గుమ్మం అచ్చంగా వంచిన కొయ్యలతో కట్టిన పూరింటి ముఖం. మన పల్నాడులో నరసరావుపేట దగ్గర చేజెర్ల కపోతేశ్వరుడి గుడి ఉంది, పావురం కోసం తొడ కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ చెప్పుకునే చోటు. దాన్నీ మొదట బౌద్ధ చైత్యమేనంటారు. ఇటుక గుడే, కాని పైకప్పు చూస్తే గూడుబండి మీద వంచిన చాపలాగా ఉంటుంది. శిల్పశాస్త్రంలో గజపృష్ఠం అంటారు. నాకు మాత్రం ఏనుగు వీపుకన్నా ముందు పెద్ద పాక గుర్తొస్తుంది. ఆ మాటకొస్తే మన గాలిగోపురాల శిఖరం కూడా పొడుగాటి పూరిశాల కప్పే. చుట్టింటి మొన మీద వాన దిగకుండా కుండ బోర్లిస్తారు గదా, గుడి మీద కలశం చూసినప్పుడల్లా నాకు ఆ కుండ కనిపిస్తుంది. ఇంటి మీద ఉంటే బీదరికం, గుడి మీద ఉంటే దండం. మళ్ళీ పర్ణశాల దగ్గరికే వచ్చాం చూడండి.

అమరావతి స్తూపం పలకల మీద కూడా ఈ కప్పులు కనిపిస్తాయి. మహళ్ళు, వంపు తిరిగిన శాలలు, ఋషుల పర్ణశాలలు. ఆ పలకలు చేయించి ఇచ్చినవాళ్ళు రాజులొక్కరే కాదు. శాసనాల్లో వర్తకులున్నారు, విధికుడనే చర్మకారుడున్నాడు. తమ పేరుతో తామే దానమిచ్చిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో చాలామంది సాయంత్రం తిరిగి వెళ్ళింది పూరింటికేనని నా నమ్మకం. తాము ఆకు కింద ఉంటూ, పుణ్యానికి రాయి ఇచ్చారు. రాయి శాశ్వతం గదా!

ఆ శాశ్వతం ఏమైంది? 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను తవ్వితే మంచి రాళ్ళు దొరికాయి. మంచి రాళ్ళు గనక కట్టడాలకు వాడుకున్నారు. 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడి నుంచి ఎన్నో పలకలు లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో నూటిరవై దాకా ఉన్నాయి. మా ఊళ్ళో దిబ్బ మిగిలింది. రాయి కాబట్టి ఎత్తుకుపోయారు. తాటాకు అయితే ఓడలో వేసుకుని ఎవడు మోసుకుపోతాడు?

అలాగని గడ్డిని ఎవరూ తీసుకోరని అనుకోవద్దు. బౌద్ధుల మజ్ఝిమ నికాయంలో ఘటికారుడనే కుమ్మరి కథ ఉంది. గుడ్డివాళ్ళైన తల్లిదండ్రుల్ని పోషించుకుంటూ బతికేవాడు. ఆ కాలపు బుద్ధుడు కాశ్యపుడి కుటీరం వానకు కారితే, ఘటికారుడి ఇంట్లో గడ్డి ఉందేమో చూసి రమ్మని భిక్షువుల్ని పంపాడు. ఇంట్లో విడిగా గడ్డి లేదు, కప్పు మీదే ఉంది. సరే, కప్పు మీదదే తీసుకురమ్మన్నాడు. వాళ్ళు వచ్చి కప్పు పీకుతుంటే, ఎవరది అని ముసలివాళ్ళు లోపల్నుంచి అడిగారు. సంగతి తెలిసి, తీసుకువెళ్ళండి బాబూ అన్నారు. కొడుకు ఇంటికి వచ్చి, తమ గడ్డి ఆయనకు పనికొచ్చిందని పొంగిపోయాడు. మూడు నెలల వానాకాలం ఆ ఇంటికి ఆకాశమే కప్పు. ఒక్క చినుకు లోపల పడలేదట.

ఆ చివరి వాక్యం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఘటికారుడి భక్తి గొప్పదే, కాదనను. కాని నేను ఆ ఇంటి కోడలినై ఉంటే కప్పు పీకేవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు మాటలడిగేదాన్ని. చినుకు పడలేదు గనక కథ అందంగా ముగిసింది. పడి ఉంటే? లేనివాడి కప్పు మీద కన్నేసే పెద్దలకు ఏనాడూ కొదవ లేదు. ఒకరు పుణ్యం పేరుతో పీకుతారు. ఒకరు అభివృద్ధి పేరుతో పీకుతారు. ఇప్పుడు మనలాంటివాళ్ళం బయల్దేరాం, అందం పేరుతో పీకనివ్వం అంటున్నాం. పీకమనేవాడూ వద్దనేవాడూ ఇద్దరూ ఆ రాత్రి వేరేచోట పడుకుంటారు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టినప్పటి నుంచీ పక్కా ఇల్లు వచ్చిందని పండగ చేసుకున్న ఆడవాళ్ళను నేను ఎరుగుదును. "ఇంక వేసవిలో నిద్రపడుతుంది" అన్నారు వాళ్ళు. ఆ ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయని మనం వెక్కిరించవచ్చు. ఆ నిద్రను వెక్కిరించలేం.

మరి స్లాబు ఒక్కసారి వేస్తే సరిపోతుందా? పోదు. పాతిక ముప్పయ్యేళ్ళకు పెచ్చులూడి, ఇనుము తుప్పు పట్టి, కారుతున్న స్లాబులు మన వీధుల్లోనే ఎన్ని లేవు! తాటాకు ఇల్లు మూడేళ్ళకోసారి "నన్ను చూసుకో" అని అడుగుతుంది. స్లాబు అడగదు, ఒకేసారి మీద పడుతుంది. ఆ అడగడం ఇష్టమే నాకు. అయితే అది ఎవరిని అడుగుతుందన్నదే పేచీ. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడ"మన్నారు. ఇల్లాలి నడుము చూడమని ఎవరూ అనలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని సామెత చెప్పినవాడు అలికినవాడు కాదని నేను పందెం కాస్తాను. అత్తయ్య యాభై ఎనిమిదేళ్ళు ప్రతి శుక్రవారం ఆ ఇల్లు పేడతో అలికింది, పండగ పండగకూ ఎర్రమన్ను పూసి, సున్నంతో అంచులు దిద్దింది. కప్పు నేసేది మగవాళ్ళు, మూడేళ్ళకోసారి మూడు రోజులు. వాళ్ళకు కూలీ ఉంది, కల్లు ఉంది, పైన ఎక్కి నలుగురికీ కనబడతారన్న పేరుంది. నేల అలికేదానికి కనీసం ఆ చూరు కింద నిలబడి "బాగుంది" అన్నవాళ్ళు లేరు. ఆ పిల్లలు టేపులతో కొలిచిన ఇంట్లో ఇదంతా ఎన్ని అడుగులుందో!

అందుకని ఇంగ్లీషువాళ్ళలో నాకు నచ్చింది వాళ్ళ ఇళ్ళు కాదు. గడ్డి నేయడం అక్కడ ఒక వృత్తి, నేర్చుకునే కుర్రాళ్ళున్నారు, చేసినవాడికి మంచి డబ్బు వస్తుంది. పాత ఇల్లు కావాలన్న కోరికకు వాళ్ళు ఖరీదు కడుతున్నారు. మన దగ్గర అత్తయ్య ఇల్లు నేసే ఆయనకు అరవై దాటింది. కొడుకు గుంటూరులో ఆటో తోలుతాడు. తప్పా? తాటిచెట్టెక్కి ఆకు నరికి, ఎండలో వాసాల మీద కూచుని కట్లు కట్టమని నేను ఏ మొహంతో ఆ కుర్రాడికి చెప్పను? అటు తుళ్ళూరు వైపు 2015లో శంకుస్థాపన అయిన రాజధానికి కాంక్రీటు లారీలు తిరుగుతుంటే, ఇటు తాటాకు కట్లు కట్టడం నేర్చుకుంటానని ఎవడొస్తాడు? వచ్చేటంత కూలీ మనం ఇస్తామా?

ఇస్తామనే బావతో అన్నాను, మనవంతు మనం వేసుకుందామని. ఆయన నా వైపు ఎగాదిగా చూసి, "కప్పుకైతే ఇస్తావు. అలుకు సంగతేంటి?" అన్నాడు. ఆ మాట అనాల్సింది ఆయన కాదు, ఏనాడూ పేడ ముట్టినవాడు కాదు. కాని అడిగిన ప్రశ్న మాత్రం అసలైనదే. అత్తయ్య మోకాళ్ళు వంగడం లేదు. కోడలు ఉద్యోగానికి పోతుంది. అలికే మనిషికి నెల జీతమిస్తే ఆ పల్లెలో ఒక మనిషికి బతుకు దొరుకుతుందని నేను, ఎన్నాళ్ళు పంపుతావని ఆయన, ఇలా గంటసేపు వాదించుకున్నాం.

అత్తయ్య మా ఇద్దరి మాటా విన్నట్టే లేదు. వసారాలో కూచుని ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది. చివరికి, మాఘమాసంలో తాటాకు నరికించడానికి మనుషుల్ని చూడమని బావకు చెప్పింది. ఆయన సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే స్లాబు అంచనా కోసం ఇంజనీరుకూ ఫోను చేశాడు. ఆ సంగతి అత్తయ్యకు తెలుసు. "రానీ, కొలుచుకుపోతాడు. మజ్జిగ ఇద్దాం" అంది.